అథీనా ముందు అరీస్ ఎందుకు నిలవలేదు: గ్రీకు దేవతల బలాబలాలు

మూడు ప్రశ్నలు కలిపి అడిగారు. అరీస్ యుద్ధ దేవుడు కదా, జ్ఞానానికి, యుద్ధ నేర్పుకు దేవత అయిన అథీనాతో నేరుగా తలపడితే పైచేయి ఎవరిది? సముద్రదేవుడు పొసైడన్, పాతాళాన్ని ఏలే హేడిస్ చేతులు కలిపితే తమ తోబుట్టువు, దేవతల రాజు అయిన జ్యూస్‌ను గద్దె దించగలరా? అసలు జ్యూస్ ఎవరికైనా వెనక్కి తగ్గాడా?

ముందు పొట్టిగా చెప్తాను. అథీనాదే పైచేయి, అందులో సందేహం లేదు. జ్యూస్‌ను ఏ ఒక్క దేవుడూ ఎదురుగా నిలిచి ఓడించలేడు, కానీ ఒకసారి ముగ్గురు కలిసి దాదాపు ఆ పని చేశారు. ఆ ముగ్గురిలో హేడిస్ లేడు. మూడో ప్రశ్నకు జవాబు అవును. అది ఎవరి ముందో చివర్లో చెప్తాను, ఎందుకంటే ముందు మిగతావి తెలిస్తే గానీ ఆ జవాబు బరువు తెలియదు.

ఇలాంటి పోలికలో అందరూ చేసే మొదటి పొరపాటు, నాలుగు చోట్ల నుంచి నాలుగు ముక్కలు తెచ్చి ఒకే మూటలో కట్టడం. ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన ఇలియడ్ కావ్యం క్రీ.పూ. 8వ శతాబ్దం ప్రాంతానిది. దేవతల పుట్టుక చెప్పే హెసియడ్ థియోగొనీ క్రీ.పూ. 700 దరిదాపులది. అపొలొడోరస్ పేరుతో చలామణీ అయ్యే గాథల సంగ్రహం వాటికి ఏడెనిమిది వందల ఏళ్ల తర్వాత వచ్చింది. వీటి మధ్య చిన్నచిన్న తేడాలు కాదు, పునాదిలోనే తేడాలున్నాయి. ఇలియడ్ 13వ సర్గలో జ్యూస్ పొసైడన్‌కు అన్న, ముందు పుట్టినవాడు, ఎక్కువ తెలిసినవాడు. హెసియడ్ దగ్గర అదే జ్యూస్ అందరికన్నా చిన్నవాడు. అన్నదమ్ముల వరసే తారుమారయ్యాక, ‘పొసైడన్ ఎందుకు లొంగాడు’ అన్న ప్రశ్నకు జవాబు కూడా మారిపోతుంది. అందుకే ఏ పోరాటం గురించి అడిగినా, అది ఏ కావ్యంలోదో ముందు ఖాయం చేసుకోవాలి. ఇంకో చిక్కు రోమన్ పేర్లతో. మార్స్ రోమ్ నగరానికి మూలపురుషుడి తండ్రి, గౌరవనీయుడు. హోమర్ అరీస్‌కు ఆ మర్యాద లేదు. మార్స్ గురించి చదివింది అరీస్‌కు అంటగడితే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

రెండో సంగతి, గెలుపు అంటే ఏమిటన్నది. ఈ దేవతలు చావరు. వాళ్ల ఒంట్లో రక్తం ఉండదు, ఐకోర్ అనే ద్రవం ఉంటుంది. వాళ్లు రొట్టె తినరు, ద్రాక్షసారా తాగరు, అందుకే నెత్తురు లేదు, అందుకే మరణం లేదు అని ఇలియడ్ 5వ సర్గలో హోమరే కారణం చెప్తాడు. కాబట్టి ‘ఎవరు ఎవరిని చంపగలరు’ అని అడిగితే జవాబు దొరకదు. ఓటమికి వాళ్ల దగ్గర వేరే మెట్లున్నాయి. మొదటిది గాయం. నొప్పి నిజమే, కానీ వైద్యుడు పైయోన్ మందు వేస్తే మానిపోతుంది. రెండోది బంధనం. ఇది చాలా ప్రమాదం. ఓటోస్, ఎఫియాల్టిస్ అనే అన్నదమ్ములు అరీస్‌ను పట్టి 13 నెలలు కంచు బానలో కట్టి పడేశారు. వాళ్ల సవతి తల్లి ఈరిబోయా హెర్మెస్‌కు కబురు చెప్పకపోతే అరీస్ ‘అక్కడే నశించేవాడు’ అని 5వ సర్గ అంటుంది. చావులేనివాడి గురించి ఆ మాట వాడటం గమనించండి. మూడోది టార్టరస్, అంటే భూమి అడుగున ఉన్న చెర. కంచు దాగలి ఒకటి ఆకాశం నుంచి జారితే తొమ్మిది పగళ్లు, తొమ్మిది రాత్రులు పడి పదో రోజుకు నేల చేరుతుందట. నేల నుంచి టార్టరస్‌కు మళ్లీ అంతే దూరమని హెసియడ్ కొలత. అక్కడికి తోసేస్తే ఆట ముగిసినట్టే. దేవతల పోటీలో ఎవరు ఎవరిని ఈ మూడింటిలో ఏ మెట్టుకు తీసుకెళ్లగలరన్నదే అసలు కొలబద్ద.

ఇక అథీనా, అరీస్. ఇలియడ్‌లో వీళ్లిద్దరూ మూడుసార్లు ఎదురుపడతారు. చాలామంది ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటారు.

మొదటిది 5వ సర్గలో. అథీనా జ్యూస్ అంగీ తొడుక్కుని, ఈజిస్ అనే దివ్యకవచం భుజాన వేసుకుని, హేడిస్ శిరస్త్రాణం పెట్టుకుంటుంది. అది పెట్టుకుంటే దేవతలకు కూడా కనబడరు. గ్రీకు వీరుడు డయొమీడిస్ రథం దగ్గరికి వచ్చి, సారథి స్థెనెలోస్‌ను చేత్తో పక్కకు దింపి తాను ఎక్కుతుంది. ఆ బరువుకు ఓక్ కర్ర ఇరుసు కిర్రుమని మూలిగింది. అవతల అరీస్ అప్పుడే చంపిన పెరిఫాస్ అనే భారీ మనిషి ఒంటి మీది కవచం ఒలుస్తున్నాడు. డయొమీడిస్‌ను చూడగానే శవాన్ని వదిలేసి నేరుగా మీదికొచ్చి, కాడి మీదుగా, పగ్గాల మీదుగా ఈటె పొడుస్తాడు. అథీనా ఆ ఈటెను చేత్తో పట్టుకుని రథం పైనుంచి పోయేలా తోసేస్తుంది. తర్వాత డయొమీడిస్ పోటు. ఆ ఈటెను నడుము పట్టీ కింద, పొత్తికడుపులోకి అదిమి దింపింది అథీనాయే. అరీస్ తొమ్మిది వేలమందో పది వేలమందో ఒక్కసారి అరిచినట్టు అరిచి, నల్లటి మబ్బులా ఆకాశానికి లేచిపోయాడు. తండ్రి ముందు గాయం చూపించి మొరపెట్టుకుంటే, ఒలింపస్ మీద ఉన్న దేవతలందరిలో నాకు నువ్వంటేనే ఎక్కువ అసహ్యం అన్నాడు జ్యూస్. అయినా కన్నకొడుకు కదా, పైయోన్‌ను పిలిపించాడు. అత్తి పాలు వేస్తే ఆవుపాలు పేరుకున్నంత త్వరగా గాయం మూసుకుంది.

దీన్నొక్కదాన్నే చూపిస్తే అరీస్ తరఫువాళ్లు అభ్యంతరం చెప్తారు. వాళ్ల మాట సబబే. ఆమె కనబడలేదు, పక్కన మనిషి ఉన్నాడు, ఒంటి మీద జ్యూస్ సరంజామా ఉంది. ఇది సమఉజ్జీల పోరు కాదు.

రెండోది 15వ సర్గలో, అసలు దెబ్బే లేకుండా. కొడుకు ఆస్కలఫోస్ యుద్ధంలో చనిపోయాడని విని అరీస్ తొడలు చరుచుకుంటూ లేస్తాడు. జ్యూస్ వద్దన్నా సరే, పిడుగు పడి శవాల మధ్య పడున్నా సరే పోతానంటాడు. అథీనా తన ఆసనం మీంచి దూకి వచ్చి, అతని తల మీంచి శిరస్త్రాణం, భుజం మీంచి డాలు, చేతిలోంచి ఈటె తీసేసి, చీవాట్లు పెట్టి కూర్చోబెడుతుంది. అతను కూర్చుంటాడు. కోపంతో ఊగిపోతున్న యుద్ధ దేవుడి చేతిలోంచి ఆయుధం లాక్కుని, అతన్ని తిరిగి కూర్చోబెట్టడం చిన్న విషయం కాదు. ఈ ఘట్టాన్ని బలాబలాల లెక్కలో ఎవరూ వేయరు. నా దృష్టిలో మొదటి పోరుకన్నా దీనికే విలువెక్కువ.

మూడోది 21వ సర్గ. ఇక్కడ అభ్యంతరాలేవీ నిలవవు. అదృశ్య శిరస్త్రాణం లేదు, పక్కన డయొమీడిస్ లేడు, మొదటి దెబ్బ కూడా అరీస్‌దే. తిట్టి, పాత గాయం గుర్తుచేసి, పొడవాటి ఈటెతో ఈజిస్ మీద పొడిచాడు. జ్యూస్ పిడుగుకు కూడా లొంగని కవచం అది అని హోమర్ ఆ పంక్తిలోనే చెప్తాడు. అథీనా ఒక అడుగు వెనక్కి వేసి, పొలం హద్దు కోసం పూర్వీకులు పాతిన నల్లటి గరుకు రాయిని ఒంటిచేత్తో లేపి అతని మెడ మీద కొట్టింది. అతను పడితే ఏడు ప్లెత్రాల మేర పరుచుకున్నాడు. ప్లెత్రం అంటే నూరు గ్రీకు అడుగులు, సుమారు 30 మీటర్లు. పొడవుగా లెక్కేస్తే 200 మీటర్లు దాటుతుంది. జుట్టంతా దుమ్ము, కవచం గణగణమంది. అథీనా నవ్వింది. ప్రేమదేవత ఆఫ్రొడైటి వచ్చి అరీస్‌ను చేయి పట్టి నడిపించుకు పోబోతే, ఆమె రొమ్ము మీద ఒక్క చేతిదెబ్బ. ఇద్దరూ నేల మీద.

ఇందులో పోరాట మెలకువ ఏమిటో చూడండి. అరీస్ శత్రువు మీద ఎక్కడ కవచం గట్టిదో అక్కడే పొడిచాడు. అథీనా వెనక్కి తగ్గి దూరం సంపాదించుకుంది, చేతికి అందిన రాయి తీసుకుంది, కవచం లేని మెడ చూసి కొట్టింది. బలంలో అరీస్ తక్కువవాడు కాదు. గురి, నిదానం లేవు.

అందువల్ల అరీస్‌ను పిరికివాడిగా, చేతకానివాడిగా చిత్రించడం కూడా తప్పే. అదే 5వ సర్గలో ట్రాయ్ వీరుడు హెక్టర్ పక్కన అరీస్ నడుస్తున్నాడని గుర్తించగానే, అంతకు కాసేపటి ముందే ఆఫ్రొడైటి ముంజేతిని గాయపరిచిన డయొమీడిస్, సేనను వెనక్కి తగ్గమంటాడు. గొంతు సంగతికొస్తే, తొమ్మిది పది వేలమంది అరుపు అన్న ఆ ఉపమానాన్నే హోమర్ 14వ సర్గలో పొసైడన్ కేకకు మక్కీకి మక్కీగా వాడాడు. అంటే అరీస్ రంకె సముద్రదేవుడి రంకెతో సమానం. మృత్యుదేవుడు థానటోస్‌ను సిసిఫస్ అనే రాజు కట్టేసినప్పుడు విడిపించింది కూడా అరీసే. మనుషుల మీద, సేనల మీద అతను భయంకరుడు. తోటి దేవతల మీదికి వచ్చేసరికే తేలిపోతాడు. రాక్షసులైన జైగాంట్లతో దేవతల యుద్ధాన్ని అపొలొడోరస్ చెప్తూ ఎవరు ఎవరిని కూల్చారో పేరుపేరునా రాశాడు. పొసైడన్, అపోలో, ఆర్టెమిస్, హెర్మెస్, హెఫైస్టస్, చివరికి ద్రాక్షతీగల డయొనైసస్‌కు కూడా ఒక్కో రాక్షసుడు దక్కాడు. అథీనాకు ఇద్దరు. పారిపోతున్న ఎంకెలాడోస్ మీద సిసిలీ ద్వీపాన్నే విసిరింది, పల్లాస్ చర్మం ఒలిచి ఒంటికి రక్షణగా వేసుకుంది. ఆ జాబితాలో అరీస్ పేరే లేదు. శిల్పులు మాత్రం అతన్ని వదల్లేదు. డెల్ఫీలోని సిఫ్నోస్ కోశాగారం మీద, ఇప్పుడు బెర్లిన్‌లో ఉన్న పెర్గమాన్ బలిపీఠం మీద అరీస్ కూడా పోరాడుతూ కనిపిస్తాడు. కాబట్టి ఆ యుద్ధంలో లేడని కాదు. చెప్పుకోదగ్గ విజయం అతని పేరున ఆ సంగ్రహంలో నమోదు కాలేదంతే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ‘అతను ఇతన్ని ఓడించాడు, ఇతను వాణ్ణి ఓడించాడు, కనుక అతను వాడికన్నా గొప్ప’ అనే గొలుసు లెక్క గ్రీకు గాథల్లో పనిచేయదు. కంచు బానలో అరీస్‌ను బంధించిన ఆ అన్నదమ్ములు తొమ్మిదేళ్ల వయసుకే తొమ్మిది మూరల వెడల్పు, తొమ్మిది బారల ఎత్తు ఉన్నారని హోమర్ మరో కావ్యం ఒడిస్సీ 11వ సర్గ. వాళ్లకు గడ్డం మొలవకముందే అపోలో చంపేశాడని అక్కడే ఉంది. సరే, అపోలో గొప్ప అనుకుందాం. అపొలొడోరస్ దగ్గరికొస్తే వాళ్లను చంపించింది అపోలో తోబుట్టువు, వేటదేవత ఆర్టెమిస్. జింకగా మారి ఇద్దరి మధ్య నుంచి దూకితే, దాన్ని కొట్టబోయి ఒకరి బల్లేనికి ఒకరు బలయ్యారు. అదే ఆర్టెమిస్ ఇలియడ్ 21వ సర్గలో జ్యూస్ భార్య హేరా చేతిలో చిన్నపిల్లలా దెబ్బలు తింది. హేరా విషయానికొస్తే, మానవ వీరుడు హెరాక్లిస్ మూడు ములుకుల బాణం ఆమె కుడి రొమ్ములో దిగింది. ఈ గొలుసు పట్టుకుని వెళ్తే చివరికి ఎవరు ఎవరికన్నా పైనో తేలదు. తేలనిది గాథల లోపం వల్ల కాదు. ప్రతిసారీ ఆయుధం, దూరం, చోటు, పక్కన నిలిచినవాళ్లు మారుతున్నారు. లెక్క వేయాల్సింది వాటిని.

హేరా, ఆర్టెమిస్ పోరే దీనికి మంచి ఉదాహరణ. ఆర్టెమిస్ చేతిలో విల్లు. విల్లు దూరాన ఉన్నవాడికి మృత్యువు, చేతికందే దూరంలో వట్టి కర్ర. హేరా ఎడమచేత్తో ఆమె రెండు మణికట్లూ కలిపి పట్టుకుని, కుడిచేత్తో భుజాన ఉన్న విల్లంబులు లాక్కుని, వాటితోనే చెవుల మీద బాదింది. ఆర్టెమిస్ అటూ ఇటూ మెలికలు తిరుగుతుంటే బాణాలు జలజలా రాలిపడ్డాయి. డేగకు భయపడి రాతి సందులో దూరే పావురంలా ఏడుస్తూ పారిపోయింది. రాలిన బాణాలు తల్లి లీటో ఏరుకుంది. ఇదే ఇద్దరినీ రెండు కొండల మీద నిలబెడితే ఫలితం ఇలా ఉంటుందని నేను చెప్పను.

చోటు సంగతికి హెఫైస్టస్‌ను చూడండి. కుంటి కమ్మరి అని అతన్ని జాబితాలో అట్టడుగున వేస్తారు. గ్రీకు వీరుడు అకిలీస్‌ను ముంచి చంపబోయిన స్కామాండ్రోస్ నదిని ఆపింది అతనే. హేరా పడమటి, దక్షిణపు గాలులు తోడు తెస్తానంది. అతను ముందు మైదానాన్ని తగలబెట్టాడు, తర్వాత ఒడ్డున ఎల్మ్, విల్లో చెట్లను, తర్వాత నీటిని. మలుగుచేపలు విలవిల్లాడాయి. పంది కొవ్వు కరిగే బానలా నది కుతకుత ఉడికింది. నదే మొరపెట్టుకుంది, ఇక ట్రాయ్‌కు సాయం చేయనని ఒట్టేసింది. అగ్ని అతని సొంత ఆయుధం, పైగా గాలి తోడు. ఆ రెండూ కలిసిన రోజున అతని కాలు కుంటిదా కాదా అన్నది ఎవరికీ గుర్తుండదు.

అపోలో ఏ మెట్టు అన్నది తేల్చాలంటే, అతన్ని మీదికొచ్చిన మనుషులతో పోల్చి చూడాలి. డయొమీడిస్ ఆఫ్రొడైటినీ అరీస్‌నూ గాయపరిచిన రోజునే అపోలో మీదికి మూడుసార్లు దూకాడు. మూడుసార్లూ డాలు మీద తోపు పడింది. నాలుగోసారి ఒక్క గద్దింపుకు వెనక్కి తగ్గాడు. 16వ సర్గలో అకిలీస్ మిత్రుడు పాట్రొక్లస్ ట్రాయ్ గోడ ఎక్కబోతే మళ్లీ అదే, మూడు తోపులు, నాలుగోసారి గద్దింపు. తర్వాత వెనకనుంచి వచ్చి వీపు మీద అరచేత్తో చరిస్తే పాట్రొక్లస్ శిరస్త్రాణం దొర్లిపోయింది, కవచం ఊడిపోయింది. 15వ సర్గలో గ్రీకులు కట్టుకున్న గోడను, పిల్లవాడు సముద్రం ఒడ్డున కట్టిన ఇసుక గూడును కాలితో చెరిపినట్టు చెరిపేశాడు. అయితే ఆ రోజు అపోలో చేతిలో ఈజిస్ ఉంది. దాన్ని కదపకుండా పట్టుకున్నంతసేపూ ఇరుపక్షాలూ సమానంగా పోరాడాయి. గ్రీకుల ముఖం మీద ఆడించగానే వాళ్ల గుండె జారింది. అథీనాకు విజయం తెచ్చిందీ ఈజిసే, అపోలోకు తెచ్చిందీ ఈజిసే. హెఫైస్టస్ చేసి జ్యూస్‌కు ఇచ్చాడు, జ్యూస్ తనకు నచ్చినవాళ్ల చేతికి ఇచ్చాడు. దేవతల బలాబలాల్లో ఇది కీలకం. జ్యూస్ నమ్మకం ఎవరి మీద ఉందో వాళ్ల ఒంటి మీదికే ఆ కవచం చేరుతుంది. అరీస్ మీద ఆ నమ్మకం ఎన్నడూ లేదు.

పొసైడన్, అపోలో ఎదురుపడ్డారు గానీ తలపడలేదు. నువ్వు చిన్నవాడివి, ముందు నువ్వు కొట్టు, పెద్దవాణ్ణి నేను మొదలుపెడితే బాగుండదు అన్నాడు పొసైడన్. ఆకుల్లా మొలిచి రాలిపోయే మనుషుల కోసం మనం కొట్టుకోవడం ఎందుకని అపోలో తప్పుకున్నాడు. పినతండ్రి మీద చేయెత్తడానికి సిగ్గుపడ్డాడని హోమర్ వివరణ. చెల్లెలు దెప్పినా మారుమాట్లాడలేదు. అందువల్ల ఇక్కడ తీర్పు ఇవ్వడం కావ్యాన్ని మించి మాట్లాడటమే అవుతుంది. నా అంచనా అడిగితే, ఎదురెదురుగా అయితే పొసైడన్‌దే మొగ్గు. ఈ ఇద్దరిలో నేలను వణికించేవాడు అతనొక్కడే.

ఇలాంటి వెనుకంజే అథీనా, పొసైడన్ల మధ్యా ఉంది. ఏథెన్స్ కోసం వాళ్ల పోటీని కొందరు యుద్ధంగా చెప్తారు. అది యుద్ధం కాదు, పంచాయితీ. అతను శూలంతో ఉప్పునీటి ఊట పుట్టించాడు, ఆమె ఆలివ్ చెట్టు నాటింది, తీర్పు ఆమెకు వచ్చింది. కోపంతో అతను థ్రియా మైదానాన్ని ముంచాడు గానీ, నగరం ఆమెదిగానే ఉండిపోయింది. పార్థినాన్ పడమటి ముఖం మీద చెక్కింది ఈ పోటీనే. ఆర్గోస్ కోసం హేరాతో పోటీలోనూ పొసైడన్‌కు ఇలాగే ఎదురుతీర్పు వచ్చింది. న్యాయస్థానంలో ఓడటం వేరు, రణంలో ఓడటం వేరు. రణం సంగతి అథీనాయే చెప్పింది. ఒడిస్సీ 13వ సర్గలో, ఇన్నాళ్లూ నన్ను వదిలేశావేం అని గ్రీకు వీరుడు ఒడిస్సియస్ నిలదీస్తే, మా నాన్నకు తోబుట్టువైన పొసైడన్‌తో పోరాడటం నాకు ఇష్టం లేకపోయింది అంటుంది. అరీస్‌ను రాయితో పడగొట్టిన ఆ చేయి పొసైడన్ మీదికి లేవలేదు.

ఇక జ్యూస్. తెలుగువాళ్లకు ఈయన్ని చూడగానే వజ్రాయుధం పట్టిన ఇంద్రుడు గుర్తొస్తాడు. పనిలో పోలిక ఇంద్రుడితోనే, పేరు మాత్రం వేదాల్లోని ‘ద్యౌః’కు దగ్గర చుట్టం. ‘ద్యౌష్పిత’, ‘జ్యూస్ పాటెర్’ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు.

ఆయన బలానికి ఆయనే చెప్పిన కొలత ఇలియడ్ 8వ సర్గలో ఉంది. ఆకాశం నుంచి బంగారు తాడు వేలాడదీసి దేవుళ్లూ దేవతలూ అందరూ వేలాడి లాగండి, నన్ను కిందికి దించలేరు. నేను లాగితే నేలతో, సముద్రంతో సహా మిమ్మల్ని పైకి లేపి, తాడును ఒలింపస్ శిఖరానికి చుట్టేస్తాను అంటాడు. ఎవరూ ముందుకు రాలేదు. అదే సర్గలో హేరా, అథీనా రథం కట్టుకుని బయల్దేరితే, నా పిడుగు గాయం పదేళ్లు గడిచినా మానదు అని దూత ఐరిస్‌తో కబురంపాడు. ఇద్దరూ వెనక్కి మళ్లారు. పైయోన్ క్షణంలో మాన్పే గాయాలకూ, పదేళ్లకూ మానని ఈ గాయానికీ మధ్య ఉన్న దూరమే జ్యూస్‌కూ మిగతావాళ్లకూ మధ్య ఉన్న దూరం.

కానీ ఆ పిడుగు ఆయన సొంతం కాదు. బ్రోంటిస్, స్టెరోపిస్, ఆర్గిస్ అనే ఒంటికన్ను సైక్లోప్‌లు ఇచ్చింది. వాళ్లను చెర విడిపించినందుకు కృతజ్ఞతగా ఇచ్చారు. ముందు తరం దేవతలైన టైటన్లతో యుద్ధం పదేళ్లు నడిచినా ఎటూ తేలలేదని హెసియడ్ స్పష్టంగా రాశాడు. తేలింది కొట్టోస్, బ్రయారియోస్, గైగిస్ దిగాక. ఒక్కొక్కరికి నూరు చేతులు, ముగ్గురూ కలిసి ఒక్క విసురుకు 300 బండలు. జ్యూస్ పిడుగులు టైటన్ల కళ్లకు చీకట్లు కమ్మిస్తే, ఈ బండల వాన వాళ్లను టార్టరస్ దాకా తోసింది. రాక్షసులతో యుద్ధంలోనూ ఇదే తీరు. మనిషి ఒకడు తోడైతే తప్ప దేవతల చేతిలో వాళ్లు చావరని జోస్యం ఉంది, అందుకే హెరాక్లిస్‌ను పిలిపించారు. ఏ యుద్ధంలో ఎవరి సాయం కావాలో ముందే పసిగట్టి వాళ్లను తనవైపు తిప్పుకోవడం జ్యూస్ అసలు సామర్థ్యం. ఆయన తండ్రి క్రోనస్ అదే సైక్లోప్‌లను, అదే నూరు చేతులవాళ్లను చెరలోనే ఉంచి పోగొట్టుకున్నాడు.

ఆయన ఓడిన సందర్భం ఒకటుంది, అపొలొడోరస్ చెప్పిన టైఫన్ అనే రాక్షసుడి కథలో. దూరంగా ఉన్నంతసేపూ పిడుగులు విసిరాడు. టైఫన్ దగ్గరకు రాగానే కొడవలితో కొట్టి కాసియోస్ కొండ దాకా తరిమాడు. అక్కడ గాయపడ్డ శత్రువును చూసి కుస్తీకి దిగడం తప్పయింది. టైఫన్ పాములతో చుట్టేసి, కొడవలి లాక్కుని, చేతుల్లో కాళ్లలో స్నాయువులు కోసేశాడు. కదల్లేని జ్యూస్‌ను భుజాన వేసుకుని సముద్రం దాటి సిలీషియాలోని కొరీకియన్ గుహలో పడేశాడు. స్నాయువులను ఎలుగుబంటి తోలులో చుట్టి డెల్ఫినీ అనే ఆడసర్పాన్ని కాపలా పెట్టాడు. హెర్మెస్, ఐగిపాన్ వాటిని దొంగిలించి తెచ్చి తిరిగి అమర్చారు. ఆ తర్వాత జ్యూస్ మళ్లీ దగ్గరకు వెళ్లలేదు. రెక్కల గుర్రాల రథం మీంచి పిడుగులు వేస్తూ సిసిలీ దాకా తరిమి, ఎట్నా కొండను అతని మీద పడేశాడు. హెసియడ్ దగ్గర ఈ పరాభవం లేదు. అక్కడ జ్యూస్ సకాలంలో చూశాడు, ఒలింపస్ మీంచి దూకి టైఫన్ నూరు పాము తలలూ కాల్చేశాడు, ఆ వేడికి నేల తగరంలా కరిగింది. ఆ సకాలంలో చూడటమే జరగకపోతే టైఫన్ రాజయ్యేవాడని హెసియడ్ కూడా ఒప్పుకున్నాడు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. పొసైడన్, హేడిస్ కలిస్తే? హేడిస్ తన లోకం వదిలి ఏ కూటమిలోనూ చేరడు. పైలోస్ దగ్గర హెరాక్లిస్ బాణం భుజంలో దిగితే వైద్యం కోసం ఒలింపస్ వెళ్లాడు. 20వ సర్గలో పొసైడన్ భూమిని కదిపితే, నేల చీలి తన ఇల్లు బయటపడుతుందేమోనని సింహాసనం మీంచి లేచి అరిచాడు. అతని శిరస్త్రాణం గొప్పదే, కానీ కథల్లో దాన్ని వాడింది అథీనా, హెర్మెస్, పెర్సియస్. పొసైడన్ సంగతి వేరు. 8వ సర్గలో, మనందరం కలిస్తే జ్యూస్ ఒంటరివాడు కదా అని హేరా రెచ్చగొడితే, ఆయన మనకన్నా చాలా బలవంతుడు, మనం పోరాడటం నాకు ఇష్టం లేదు అన్నాడు. 15వ సర్గలో మాత్రం తిరగబడ్డాడు. చీట్లు వేసి మూడు వాటాలు పంచుకున్నాం, నేల, ఒలింపస్ అందరివీ, ఆయన బెదిరింపులు ఆయన పిల్లలకు చెప్పుకోమను అన్నాడు. ఐరిస్ నచ్చజెప్పాకే తగ్గాడు. ఆ తర్వాత జ్యూస్ అపోలోతో అన్న మాటను బాగా గమనించండి. అతను తగ్గడం నాకూ మంచిదే అతనికీ మంచిదే, చెమటోడ్చకుండా ఇది తేలేది కాదు అన్నాడు. బంగారు తాడు గురించి మాట్లాడిన ఆ నోరే ఈ మాటా అంది. మరే దేవుడి గురించీ జ్యూస్ ఇలా అనలేదు. పొసైడన్‌ను రెండో స్థానంలో నిలబెట్టడానికి నాకు ఈ ఒక్క పంక్తి చాలు.

దించడం దాదాపు జరిగింది పోరాటంతో కాదు, కట్లతో. 1వ సర్గలో అకిలీస్ తన తల్లి, దేవత అయిన థెటిస్‌కు గుర్తుచేసే పాత సంగతి ఇది. హేరా, పొసైడన్, అథీనా కలిసి జ్యూస్‌ను బంధించబోయారు. థెటిస్ నూరు చేతుల బ్రయారియోస్‌ను ఒలింపస్‌కు పిలిపించింది. అతను వచ్చి జ్యూస్ పక్కన కూర్చున్నాడు. ఒక్క దెబ్బ పడలేదు. చూసి ముగ్గురూ ఆ ఆలోచన మానుకున్నారు. అంటే ఆ రోజు జ్యూస్ గద్దెను కాపాడింది పిడుగు కాదు, పాత మిత్రుడు.

ఇక చివరి ప్రశ్న, ఆయన ఎవరి ముందు తగ్గాడన్నది. 14వ సర్గలో నిద్రాదేవుడు హిప్నోస్ ఈ కథ చెప్తాడు. ఒకసారి హేరా మాట విని అతను జ్యూస్‌ను నిద్రపుచ్చితే, ఆ సందులో ఆమె హెరాక్లిస్ ఓడలను తుపానుతో దారి తప్పించింది. జ్యూస్ మేలుకుని, మందిరంలో దేవతలను ఎత్తి ఎత్తి విసురుతూ హిప్నోస్ కోసం వెతికాడు. దొరికితే ఆకాశం మీంచి సముద్రంలో పారేసేవాడే. హిప్నోస్ పారిపోయి నిక్స్ దగ్గర, అంటే రాత్రి దగ్గర శరణు కోరాడు. ఆమె చేతిలో ఆయుధం లేదు, ఒక్క మాట కూడా అనలేదు. నిక్స్‌కు నచ్చని పని చేయడానికి జంకి, అంత కోపంలోనూ జ్యూస్ ఆగిపోయాడు.